పిల్లలమర్రి, పన్నెండు చెక్కలు: మా ఉమ్మడి ప్రింట్ డైరీ

సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం

ఈసారి పన్నెండు మందిమి కలిసి ఒకే బొమ్మ చెక్కుతున్నాం. ఇన్నాళ్లూ మేం చేసుకున్నది ప్రింట్ల మార్పిడే. ఎవరి ఇంట్లో వాళ్లు చిన్న చెక్క మీద ఏదో ఒకటి చెక్కి, దానికి ఇంకు పట్టి, గ్రూపులో ఎంతమంది ఉంటే అన్ని కాపీలు అచ్చు తీసి, ఆర్టీసీ కార్గోలో పాలమూరు (మహబూబ్‌నగర్) పంపితే, నేను నా పెళ్లి కార్డుల షాపులో కూర్చుని కట్టలు విడగొట్టి ప్రతి ఒక్కరికీ ప్రతి ఒక్కరి ప్రింటు చేరేలా మళ్లీ పంపేవాణ్ని. అది బాగానే ఉండేది కానీ ఎవరి పని వాళ్లదే, కలిసి చేసింది కవరు మాత్రమే అని నాకు చాలా రోజులుగా అనిపిస్తోంది.

ఇవాళ ఏడుగురం పిల్లలమర్రి దగ్గర కలిశాం. టౌన్ నుంచి నాలుగు కిలోమీటర్లే, చిన్నప్పుడు స్కూలు పిక్నిక్ అంటే అక్కడికే తీసుకుపోయేవాళ్లు. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి, వయసు 700 ఏళ్లు అంటారు. ఊడలు దిగి దిగి అవే మొదళ్లు అయిపోయాయి, అసలు మొదలు ఏదో చూసి చెప్పలేం. పన్నెండు చెక్కల బొమ్మకు ఇంతకంటే తగిన చెట్టు ఎక్కడుంది? (సూర్యాపేట నుంచి వచ్చిన అన్న ముందు వాళ్ల పక్కనున్న పిల్లలమర్రి అనుకున్నాడట. అదీ గొప్ప చోటే, కాకతీయుల కాలం గుళ్లున్న ఊరు. కానీ మేం చెక్కేది చెట్టును.)

మొదటి రోజే వాదన వచ్చింది. నేను వేసుకొచ్చిన స్కెచ్‌లో చెట్టు నిండుగా, పచ్చగా, నా చిన్నప్పటి చెట్టులా ఉంది. గద్వాల అక్క చూసి పక్కన పెట్టేసింది. "తమ్మీ, ఈ చెట్టు ఇప్పుడు ఇట్ల ఉన్నదా?" అంది. లేదు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది, లోపల చెదలు తొలిచేశాయి. 2018లో కొమ్మలకు సెలైన్ బాటిళ్లు వేలాడదీసి, క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు నీళ్లలో కలిపి చుక్క చుక్కగా ఎక్కించారు, ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. బరువు ఆపడానికి కొమ్మల కింద సిమెంటు స్తంభాలు కట్టారు. "ఆ బాటిళ్లు, ఆ స్తంభాలు బొమ్మల ఉండాలె. లేకుంటే ఇది ఏ ఊరి మర్రి అయినా అయితది" అని అక్క పట్టుబట్టింది. నాకు మనసు ఒప్పలేదు. జబ్బుపడ్డ మనిషిని ఫొటో తీసినట్టు అవుతుందేమో అన్నాను. ఇంటికొచ్చి రాత్రి మళ్లీ గీశాను, ఈసారి బాటిళ్లతో. అక్క చెప్పిందే నిజం.

రెండో వారం: కర్ర

ఒక్కో చెక్క 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు వరసలు. మొత్తం బొమ్మ 40 అంగుళాలు, 36 అంగుళాలు. ప్లైవుడ్ అయితే సులువు, మందం ఒకే తీరుగా ఉంటుంది, వంగదు. కానీ నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊళ్లో పాత ఇల్లు పడగొడుతుంటే టేకు దర్వాజలు, అల్మారి పలకలు దొరికాయి, ఎన్నో ఏళ్లు ఆరిన చేవ కర్ర. వదలబుద్ధి కాలేదు.

మా షాపు వెనక సందులో ఒక వడ్లాయన (వడ్రంగి) ఉన్నాడు, అరవై దాటిన మనిషి. ఆయన దగ్గరికి తీసుకుపోతే ముందు ఒక్కో పలకను గోటితో తట్టి విన్నాడు, తర్వాత మేకులు వెతికాడు. నాలుగు పలకల్లో విరిగిన మేకులు లోపలే ఉన్నాయి. ఒకటి కంటికి కనపడక, తగిలి రంద (చిత్రిక) బ్లేడు అంచు దెబ్బ తింది. ఆయన నన్నేమీ అనలేదు కానీ బ్లేడు మళ్లీ నూరడానికి గంట పట్టింది. మందం అన్నిటికీ అంగుళానికి ఒక సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ చేయమన్నాను. ఉమ్మడి ప్రింటులో మందం ప్రాణం లాంటిది. ఒక చెక్క పక్కదానికంటే కాస్త దిగువగా ఉంటే రోలరు దాని మీద గాలిలో పోతుంది, ఇంకు అంటదు. ఆయన పన్నెండూ నేల మీద పక్కపక్కన పరిచి మీద ఇనుప స్కేలు పెట్టి, వంగి సందులోంచి వెలుతురు చూస్తూ సరి చేశాడు. రెండు రోజుల పని. కూలి తీసుకున్నాడు కానీ రందకు పట్టిన పొట్టును మాత్రం నా చేతికిచ్చి "వాసన సూడు, ఇంకా టేకు వాసన పోలే" అన్నాడు.

నాలుగో వారం

పెద్ద బొమ్మను పన్నెండు ముక్కలుగా జిరాక్స్ తీయించి, చెక్కతో పాటు ఒక్కొక్కరికి కార్గోలో వేశాను. బొమ్మ ముఖాన్ని చెక్క మీద బోర్లించి ఫెవికాల్‌తో అంటించి, ఆరాక తడిగుడ్డతో రుద్ది కాగితం పొర లేపేస్తే గీతలు తిరగబడి మిగులుతాయి. చెక్క మీద తిరగబడితేనే ప్రింటులో సరిగా వస్తుంది. చెక్కల వరస కూడా తిరగబడుతుంది, బొమ్మలో ఎడమ మూలది ఫ్రేములో కుడి మూలకు పోతుంది. ఇదంతా గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. కాగితం మీద రాసి పంపాల్సింది. రాయలేదు.

శివరాత్రి తర్వాత ఆదివారం: మొదటి ప్రూఫ్ (పరీక్ష అచ్చు)

చెక్కలన్నీ వచ్చాయి. పొద్దున్నే షాపు తెరిచి నేల మీద పరిచి, కొత్త చెక్కుడును చేత్తో తడుముతుంటే ఎంత సంతోషం అనిపించిందో. మిర్యాలగూడ అన్న ఒకప్పుడు బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఆగిపోయింది. ఆయన ఆకులను అక్షరాలు రాసినంత నిదానంగా చెక్కాడు, ఒక్క చోట ఉలి జారిన గుర్తు లేదు.

ఇంకు పట్టి, కాగితం పరిచి, గరిటె వెనక వైపుతో రుద్ది లేపి చూస్తే గుండె జారింది.

అతుకులు కలవలేదు. మూడో చెక్కలో పిడికిలి మందం ఉన్న కొమ్మ నాలుగో చెక్కలోకి వచ్చేసరికి పక్కకు జరిగింది. కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు, కొన్నిచోట్ల మూడు. ఊడలు సగంలో తెగి వేలాడుతున్నట్టున్నాయి. ఏడో చెక్క అయితే మొత్తం తిరగబడే ఉంది. జిరాక్సును బోర్లించకుండా ముఖం పైకి పెట్టి అంటించి చెక్కాడు వనపర్తి తమ్ముడు. పని చాలా బాగుంది, సిమెంటు స్తంభం మీద వెలుతురు పడ్డ తీరు మా అందరిలోకి అతనిదే బాగుంది. కానీ అది దాని చోట కూర్చోదు. ఫోన్‌లో చెప్పగానే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అన్నా, ఇరవై రోజులు కూసున్న దాని మీద" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ప్రతి జిరాక్సు మీద "బోర్లించు" అని ఒక్క మాట రాసి ఉంటే ఇది జరిగేది కాదు.

అతుకులు ఎందుకు తప్పాయో రాత్రంతా లెక్క వేశాను. జిరాక్స్ మిషను బొమ్మను ఉన్నది ఉన్నట్టు తీయదు, కొంచెం సాగదీస్తుంది, కొంచెం కుదిస్తుంది. 12 అంగుళాల్లో నూటికి ఒక వంతు తేడా అంటే మూడు మిల్లీమీటర్లు. నేను సగం ఒక మిషను మీద, సగం ఇంకో మిషను మీద తీయించాను. దాని మీద ఫెవికాల్ తడి. తడిసిన కాగితం సాగుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా సాగదు. ఎవరి చెక్కలో వాళ్లు తప్పు చేయలేదు. తప్పంతా చెక్కకూ చెక్కకూ మధ్య సందులో ఉంది, ఆ సందు ఎవరి పనీ కాదు కాబట్టే అక్కడ తప్పింది.

అదే వారం, బుధవారం

దేవరకొండ సార్ ఫోన్ చేశారు. రిటైరైన డ్రాయింగ్ టీచరు, మాలో అందరికంటే ఎక్కువ చదివినవారు. చక్రవర్తి మాక్సిమిలియన్ కోసం జర్మన్ చిత్రకారుడు ద్యూరర్, ఆయన వెంట ఇంకొందరు చేసిన విజయ తోరణం అనే పెద్ద చెక్క అచ్చు బొమ్మ గురించి చెప్పారు, 1515 అని దాని మీద ఉంటుంది, 195 చెక్కలు, 36 పెద్ద కాగితాల మీద అచ్చు వేసి అతికించారు. "వాళ్లకు 195 కలిసినప్పుడు మనకు 12 కలవవా?" అన్నారు. ధైర్యం వచ్చింది కానీ ఎలాగో తెలియలేదు. దారి చూపించింది ఆయన చెప్పిన రెండో సంగతి.

1842లో లండన్‌లో బొమ్మల వారపత్రిక ఒకటి మొదలైంది, ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్. అప్పటికి ఫొటోను నేరుగా అచ్చు వేసే పద్ధతి లేదు, బొమ్మలన్నీ చెక్క మీద చెక్కాల్సిందే. బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రను అడ్డంగా కోసి వాడేవారు. ఆ చెట్టు సన్నది కాబట్టి పెద్ద చెక్క దొరకదు, చిన్న చిన్న ముక్కలను బోల్టులతో బిగించి పెద్దది చేసేవారు. వార్త చల్లారకముందే బొమ్మ రావాలి కాబట్టి బోల్టులు విప్పి ముక్కకొక చెక్కేవాడికి పంచి రాత్రికి రాత్రి చెక్కించేవారు. అయితే ముక్కలు విప్పక ముందే పెద్ద పనివాడు కూర్చుని అతుకు దాటే గీతలన్నిటినీ రెండు వైపులా కొంచెం కొంచెం తనే చెక్కి ఉంచేవాడు. ఆ తర్వాతే పంపకం. ప్రతివాడికీ తన ముక్క అంచుల్లో పక్కవాడి గీత ఎక్కడ మొదలవుతుందో ముందే చెక్కి ఉంటుంది.

మేం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ముందు పంచుకున్నాం, తర్వాత కలుస్తాయని ఎదురు చూశాం.

హోలీ ముందు శని, ఆదివారాలు: మళ్లీ మొదటి నుంచి

చెక్కలను పారేయలేదు. వెనక ముఖం నున్నగానే ఉంది, తిప్పేశాం. వడ్లాయన మద్ది కర్రతో ఒక ఫ్రేము చేసి పన్నెండు చెక్కలనూ అందులో కూర్చోబెట్టి, పక్కల సందుల్లో పచ్చర్లు (చెక్క చీలలు) కొట్టి కదలకుండా బిగించాడు. బొమ్మను ఈసారి ముక్కలు చేయలేదు. పెద్ద ట్రేసింగ్ కాగితాన్ని తిప్పి, కార్బన్ పెట్టి, బిగించిన చెక్కల మీదే ఒకేసారి దించాం. తిరగబడటం, వరస, కొలత అన్నీ ఒక్క దెబ్బతో తేలిపోయాయి.

తొమ్మిది మంది వచ్చారు. ఫ్రేము చుట్టూ నేల మీదే కూర్చున్నాం. ప్రతి అతుకుకూ రెండు వైపులా అంగుళం మేర, అతుకు దాటే గీతలు మాత్రమే చెక్కాలి. ఎవరి చెక్క అంచు వాళ్లు కాదు, అతుకుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ కలిసి. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించాలి. అప్పుడే తెలిసింది, మా ఉలి పట్టే తీరు ఒక్కొక్కరిదీ ఎంత వేరో. గద్వాల అక్క ఉలిని దాదాపు నిటారుగా పెట్టి లోతుగా దించుతుంది, మిర్యాలగూడ అన్న పడుకోబెట్టి తోస్తాడు. ఒకే కొమ్మ అతుకు దగ్గర లావు మారకూడదంటే ఇద్దరిలో ఒకరు తగ్గాలి. మొదట కొంచెం టెన్షన్ పడ్డాం. మధ్యాహ్నానికి ఎవరూ ఎవరికీ చెప్పకుండానే సర్దుకుంటున్నారు. మా ఇంట్లోంచి జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు వచ్చాయి, పొట్టు మధ్యనే తిన్నాం.

నార (కర్రలో పోగులు పోయే దిశ) విషయం కూడా అక్కడే బయటపడింది. మనం గీత ఎటు పోవాలనుకుంటే కర్ర అటు రాదు, నారకు ఎదురు పోతే చిట్లుతుంది. పన్నెండు చెక్కల్లో తొమ్మిదిటి నార నిలువుగా, మూడింటిది అడ్డంగా ఉంది, పలకల కొలత సరిపోక అలా కోశారు. నిలువుగా దిగే ఊడ నార నిలువుగా ఉన్న చెక్కలో వెన్నలా వస్తుంది, అడ్డం నార చెక్కలోకి వచ్చేసరికి ప్రతి అర అంగుళానికీ పెచ్చు లేస్తుంది. అక్కడ ముందు కత్తిమొనతో రెండు అంచులూ గీసి, తర్వాత ఉలి పెట్టాలి. వడ్లాయన ఇది చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలో ఉలి తీసుకుని అడ్డం నార చెక్కలో ఒక ఊడను ఒక్క పెచ్చు లేవకుండా దించి చూపించాడు. దర్వాజల మీద హంసలు, తీగలు చెక్కిన చెయ్యి అది.

ఆయనను పన్నెండో చెక్క తీసుకోమని అడిగాం. అది తీసుకున్న అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి ఈమధ్యే తప్పుకున్నాడు. వడ్లాయన ముందు వద్దన్నాడు, "నేను చేసేది పని, మీరు చేసేది ఆర్ట్" అన్నాడు. గద్వాల అక్క వదల్లేదు. జపాన్‌లో పాత రోజుల్లో బొమ్మ గీసేవాడు వేరు, చెక్కేవాడు వేరు, అచ్చు వేసేవాడు వేరు, ఖర్చు పెట్టి అమ్మేవాడు వేరు. హొకుసాయ్ పెద్ద అల బొమ్మ ప్రపంచమంతా తెలుసు, ఆ అల నురుగును కర్రలో చెక్కింది మాత్రం ఆయన కాదు, ఒక పనివాడు. 1904లో యమమోతో కనాయె అనే ఆయన జాలరి బొమ్మను తనే గీసి, తనే చెక్కి, తనే అచ్చు వేశాడు, ఆ తర్వాత చాలామంది ఆ దారి పట్టారు. అక్క ఇదంతా చెప్పి, "మనం ఆ రెండు తీర్లల్ల ఏదీ కాదు పెద్దాయనా, అందరం గీస్తం, అందరం చెక్కుతం. మీరూ అందులనే" అంది. ఆయన ఏమీ అనకుండా పన్నెండో చెక్కను ఫ్రేములోంచి విప్పి పక్కన పెట్టుకున్నాడు.

ఉగాది తర్వాత

చెక్కలు మళ్లీ ఎవరి ఇళ్లకు వాళ్లవి పోయాయి. ఈసారి నాకు భయం లేదు. అంచులు చెక్కి ఉన్నాయి, లోపల ఎవరి ఇష్టం వాళ్లది.

ఒక ఫోన్ మాత్రం కలత పెట్టింది. ఒక చెక్కను గోడకు ఆనించి నేల మీద పెట్టారట, పది రోజులు ఊరెళ్లి వచ్చేసరికి చెదలు పట్టాయి. చేవ ఉన్న భాగాన్ని వదిలి, అంచున తెల్ల కర్ర ఉన్న మూల మూడు అంగుళాల మేర తినేశాయి. చెదలు తిన్న చెట్టును చెక్కుతుంటే దాని చెక్కకే చెదలు పట్టడం అందరినీ బాధపెట్టింది. వడ్లాయన ఆ మూల కోసేసి, అదే టేకు ముక్క తీసుకుని నార కలిసేలా అతికించి రంద పట్టాడు. ఆ అతుకు గీత ప్రింటులో సన్నగా వెంట్రుకంత తెల్లగా వస్తోంది. దాన్ని పూడ్చాలా అని అడిగితే అందరూ వదిలేయమన్నారు. మీరు కూడా చెక్కలను నేల మీద పెట్టకండి, అటక మీదా గోడకు తగిలేలా పెట్టకండి.

మే మొదటి వారం: రెండో ప్రూఫ్

అతుకులు కలిశాయి! మూడో చెక్క కొమ్మ నాలుగో చెక్కలోకి నీళ్లు పారినట్టు పోయింది. ప్రూఫ్ లేపగానే ఇద్దరం ముగ్గురం గట్టిగా అరిచాం, పక్క షాపు వాళ్లు వచ్చి చూశారు.

కానీ ఇంకో సమస్య. చెక్కలన్నీ పక్కపక్కన చూస్తే కొన్ని బాగా నల్లగా, కొన్ని బాగా తెల్లగా ఉన్నాయి. కొందరు గీతను ఉంచి చుట్టూ తీసేశారు, కొందరు నలుపును ఉంచి గీతను తీసేశారు. గద్వాల అక్క చెక్కలో సెలైన్ బాటిళ్లు నల్లటి నీడలో తెల్ల గీతలతో వెలుగుతున్నాయి, పక్క చెక్కలో మిర్యాలగూడ అన్న ఆకులు తెల్ల ఆకాశంలో నల్ల గీతలతో ఉన్నాయి. మధ్యలో అతుకు కనపడుతోంది, గీత తప్పినందుకు కాదు, పగలూ రాత్రీ పక్కపక్కన పెట్టినట్టు ఉన్నందుకు.

అందరూ ఒకే తీరుగా చెక్కాలని ముందే నియమం పెట్టాల్సిందని నేనన్నాను. దేవరకొండ సార్ ఒప్పుకోలేదు. మర్రి కింద నిలబడితే కూడా ఒక వైపు చిమ్మచీకటి, రెండడుగులు వేస్తే కళ్లు మూతపడే ఎండ, అది చెట్టు గుణమే అన్నారు. రెండు రోజులు గ్రూపులో ఇదే మాట. చివరకు ఒక మధ్యదారి దొరికింది. అతుకు దగ్గర రెండు అంగుళాల్లో మాత్రం నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారేలా సన్న గీతలు పెంచుకుంటూ పోవాలి, లోపల ఎవరూ ఏమీ మార్చక్కర్లేదు. ఐదు చెక్కల్లో ఈ పని చేశాం. తీసేసిన కర్రను మళ్లీ పెట్టలేం కాబట్టి నల్లగా ఉన్న వాళ్లే తగ్గించుకోవాల్సి వచ్చింది, అక్క చెక్కలో ఎక్కువ తగ్గింది. ఆమె ఒక్క మాట అనలేదు. నేను మాత్రం మరిచిపోను.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలంటారు, మా రెండో చెక్క నిజంగానే పగిలింది, పై అంచు నుంచి మూడు అంగుళాలు. రేకుల కప్పు కింద పెట్టడం నా పొరపాటు. వెనక ఇనుప పట్టీ వేయించి, మిగతా చెక్కలన్నిటినీ తడి గోనె కప్పిన గదిలోకి మార్చాను.

గుడ్డ వచ్చింది. నారాయణపేట చెల్లె వాళ్లింట్లో మగ్గం ఉంది, 44 అంగుళాల వెడల్పు ముతక నూలు గుడ్డ తెచ్చింది. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, గంజి మీద నూనె ఇంకు పైపైన నిలుస్తుంది కానీ లోపలికి పట్టదు. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, ఇస్త్రీ చేయించాం. ఇంకు నా షాపులో పెళ్లి కార్డులకు వాడే నల్ల ఆఫ్‌సెట్ ఇంకే. ఈ ఎండకు అది పలచబడి సన్న గీతల్లోకి కారిపోతోంది, అందుకే కొంచెం చాక్ పౌడర్ కలిపి గట్టిపరిచాను. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే పని, ఆ తర్వాత చెక్క మీద ఇంకు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయేలోపు ఆరడం మొదలవుతోంది.

ఇంత పెద్ద చెక్కకు ప్రెస్ మా దగ్గర లేదు. రోడ్ రోలర్‌తో పెద్ద ప్రింట్లు తీసేవాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు, మేం కూడా అడిగి చూశాం, కుదరలేదు. కాళ్లతో తొక్కడం పాత పద్ధతే. గుడ్డ మీద కాగితం, దాని మీద మెత్తగా ఉండటానికి ఏదైనా కావాలి. ప్రెస్సుల్లో ఫెల్ట్ (నొక్కి చేసిన ఉన్ని గుడ్డ) వాడతారు. మాకు ఇంటింటా గొంగడి ఉంది! మా తాత గొంగడి రెండు మడతలు వేస్తే సరిగ్గా సరిపోయింది. నల్ల గొర్రె ఉన్ని, గుడ్డను సందుల్లోకి నొక్కుతుంది కానీ చెక్కిన లోతులోకి దించదు. ఫెల్ట్ కంటే తక్కువేం కాదు.

రోహిణి చివరి శని, ఆదివారాలు: అచ్చు

పదిమందిమి ఉన్నాం. వాళ్ల వాళ్ల పిల్లలు, వీధి పిల్లలు కలిసి ఇంకో పన్నెండు మంది. మూడు రోలర్లతో ముగ్గురం ఒకేసారి ఇంకు పట్టాం. ఒకరు పడితే మొదటి వరస ఆరిపోతుంది.

మొదటి గుడ్డ పాడైంది. పిల్లలు ఉత్సాహంగా ఎగిరారు, కాలు తిప్పారు, గుడ్డ జరిగి ప్రతి గీతా రెండుగా వచ్చింది. రెండోసారి నియమం పెట్టాం: మధ్య నుంచి అంచులకు రావాలి, కాలు నేరుగా ఎత్తి నేరుగా పెట్టాలి, మడమ తిప్పకూడదు. పెద్దవాళ్లు నాలుగు మూలలా గుడ్డను పట్టుకుని నిలబడ్డాం. వడ్లాయన మనవరాలు లెక్క చెబుతుంటే పిల్లలు ఒకరి వెనక ఒకరు మెల్లగా నడిచారు. మడమ చిన్నదైతే ఒత్తిడి చిన్న చోటే పడుతుంది, సన్న గీతలకు పిల్లల కాళ్లే బాగా పనిచేశాయి. నలుపు ఎక్కువున్న చోట నేను నిలబడి అంగుళం అంగుళం జరిగాను. చివరగా గొంగడి తీసి, కాగితం మీంచే గరిటెతో అతుకుల వెంట రుద్దాం.

మూల పట్టి లేపుతుంటే చెట్టు మెల్లగా బయటికి వచ్చింది. సెలైన్ బాటిళ్లు, స్తంభాలు, చెట్టు దగ్గరున్న దర్గా నీడ, వెంట్రుకంత తెల్ల గీతతో చెదల మూల. వడ్లాయన తన పన్నెండో చెక్క ముందు వంగి చూసి, ఒక ఊడ కింద మొదలు ఇంకా లావుండాలె అన్నాడు. నాకు అక్కడ ఏ లోపమూ కనపడలేదు, ఆయనకు కనపడింది.

రెండు పొద్దుల్లో 14 మంచి ప్రింట్లు వచ్చాయి. పాడైనవి ఐదు. పన్నెండు మందికి పన్నెండు, ఒకటి పిల్లలకు వాళ్ల బడి గోడకు, ఒకటి గ్రూపుది.

మృగశిర

చినుకులు పడ్డాయి. గుడ్డలు షాపులో తాళ్ల మీద ఆరుతున్నాయి, నూనె ఇంకు పూర్తిగా ఆరడానికి ఈ తేమలో ఇంకో వారం పడుతుంది. ఇంట్లో చేపల కూర వాసన, షాపులో ఇంకు వాసన.

సంతకం ఎవరిది అన్న ప్రశ్న మిగిలింది. గుడ్డ మీద పెన్సిల్ నిలవదు. ఒక్కొక్కరం గోరంత ముద్ర చెక్కుకున్నాం, పేరులోని ఒక్క అక్షరం, తిరగేసి. మిర్యాలగూడ అన్న మా అందరి అక్షరాలూ ఒకసారి దిద్దాడు. వడ్లాయన అక్షరం వద్దని తన ఉలి బొమ్మ చెక్కుకున్నాడు. పన్నెండు ముద్రలూ కింద అంచున వరసగా, చెక్కల వరసలోనే వేశాం.

చెక్కలు ఎవరి దగ్గర ఉండాలి అన్నదానికి చీటీలు వేశాం. ఎవరిది వాళ్లకు రాకూడదు అన్నది ఒక్కటే నియమం. గద్వాల అక్క చెక్క వడ్లాయనకు పోయింది. నాకు ఏడో చెక్క వచ్చింది. ఇంటికి తెచ్చి తిప్పి చూస్తే వెనక ముఖాన తమ్ముడు ఇరవై రోజులు కూర్చుని చెక్కిన ఆ మొదటి స్తంభం అలాగే ఉంది, దాని మీద వెలుతురు అలాగే ఉంది. దాన్ని విడిగా చిన్న కాగితం మీద పన్నెండు కాపీలు తీస్తున్నాను. గుడ్డలు ఆరాక వాటితో పాటే కార్గోలో పోతాయి, వనపర్తి కట్టలో అన్నిటికంటే పైన పెడతాను.